మాపటికొస్తా

చచ్చిపోయినవాళ్ళు కలలోకి వస్తారని మా అమ్మ అంటుంది. కరీబమ్మ మాత్రం పెద్దదోర్నాలలో మిరపకాయ బజ్జీల బండి మీదికి వచ్చింది.

పోయిన వారం ఒక హోటలుకు బ్యానరిచ్చి తిరిగొస్తూ, శ్రీశైలం బస్సులు ఆగే చోట ఆ బండి దగ్గర నిలబడ్డాను. ఎండ పడకుండా వెనక పాత ఫ్లెక్సీ ముక్క కట్టుకున్నాడు. అందులో తెల్ల టోపీ అంచు, ఒక కన్ను, సగం ముక్కు. కింద ఎర్రటి పెద్దక్షరాల్లో ‘మాపటికొస్తా’ అని ఉంది. ఆ అక్షరాలు వేసింది నేనే. ఆ కన్ను మూతపడి నాలుగు నెలలైంది.

“ఈ ఫ్లెక్సీ యాడిదన్నా?” అన్నాను.

“గిద్దలూరు పాత సామాన్లోడు ఇచ్చినాడు. మనం బండి పెట్టేది సాయంత్రమే గదా, రాత గూడా సరిపోయిందని అంతవరకు కోసి కట్టినా. ఎవురో సినిమా ఆమె అనుకుంటా. ఎన్ని ప్లేట్లు?”

ఒక ప్లేటు తిన్నాను. తిన్నంతసేపూ ఆ ఒక్క కన్ను నన్నే చూసింది. నూనె తగ్గించు, ఉప్పు తగ్గించు అంటున్నట్టే ఉంది. బతికున్నప్పుడూ ఆమె చూపు అంతే. మనిషి మొహం చూడకముందు కాళ్ళకు వాపుందా అని చూసేది.

గిద్దలూరు స్టేషన్ రోడ్డులో మస్తాన్ మామ ఫ్లెక్సీ దుకాణంలో నేను డిజైనర్ని. డిజైనరంటే, పుట్టినరోజు బ్యానర్లో నాయకుడి మెడను సన్నం చేయడం, శ్రద్ధాంజలి బ్యానర్లో పోయినాయన్ను ఎవరి పెళ్ళి ఫొటోలోంచో కోసి తీయడం. రెండింటికీ ఒకటే పూలదండ వాడతాను. ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు. ఈ ఉద్యోగంలో ఏ ఏడుపునూ పూర్తిగా నమ్మలేం. ఏడుస్తూనే అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేయమంటారు.

ఆమె మొదటిసారి దుకాణానికి వచ్చినప్పుడు నేను అన్నానికి పోయి ఉన్నాను. ఆర్డరు మామ తీసుకున్నాడు. నేను వచ్చేసరికి చీటీ మీద ‘కరీబీ వారసత్వ దినోత్సవం, ఊరు గయానా’ అని రాసి ఉంది.

“ఇదేంది మామా?”

“ఒక ముసలామె వచ్చినాది. మన మనిషి మాదిరే ఉండాది, మాటలే ఇంగ్లీషు. కరీబీ కరీబీ అంటాది. ఖరీబ్ అంటే మా ఉర్దూ మాటల్లో దగ్గర. ఖరీబీ అంటే దగ్గరి చుట్టాలు. చుట్టాల దినం చేస్తాదంట, ఎయ్.”

“మరి గయానా?”

మామ గడ్డం గోక్కున్నాడు. “గయా నా అంటే పోయినాడు గదా అని. ఊరికి ఆ పేరు ఎవడు పెట్టినాడో. పోయినాడుగదా అనే ఊరికి పోయినోడు ఇంక తిరిగొస్తాడాప్పా?”

నాకు అనుమానం వచ్చింది. అయినా ఓనరు చెప్పింది వేయడం ధర్మం కాబట్టి వేశాను. మర్నాడు ఆమె వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, పొట్టి జుట్టు, తెల్ల టోపీ, తెల్ల బూట్లు, రంగు మాత్రం మా మేనత్త రంగు. ఫ్లెక్సీ విప్పి చూపించి, వచ్చీరాని ఇంగ్లీషులో సంగతి చెప్పాను. అమ్మా, నువ్వు చెప్పింది కరీబియన్, మా మామ విన్నది కరీబీ, దానర్థం దగ్గరి చుట్టాలు, మళ్ళీ వేసిస్తాం అని.

ఆమె ఒక క్షణం ఊరకుంది. తర్వాత నవ్వింది. ఎప్పుడూ అంతే, అందరూ నవ్విన ఒక క్షణానికి నవ్వేది. మాట సముద్రం దాటి రావాలి కదా అనుకునేవాణ్ణి.

“మార్చొద్దు. చుట్టం. కరెక్టు,” అంది.

ఆ రోజు నుంచి ఊరికి ఆమె కరీబమ్మ. పాస్‌పోర్టులో ఇంకో పేరుండేది, అది వీసా ఆఫీసుకే పనికొచ్చింది.

ఆమె ముత్తవ్వ మద్రాసులో ఓడెక్కి గయానా చెరుకుతోటలకు కూలికి పోయిందట. ఈమె అక్కడ నర్సుగా చేసి, రిటైరై, ముత్తవ్వ ఊరు వెతుక్కుంటూ వచ్చి గిద్దలూరు రైల్వే గేటు అవతల ఇల్లు తీసుకుంది. చేతిలో ఉన్నది ఓడ రిజిస్టరు కాగితం నకలు. దాన్ని మా దుకాణంలోనే లామినేషన్ చేయించింది. అందులో మనిషి ఎత్తు ఉంది, ఎడమ కనుబొమ మీద మచ్చ ఉందని ఉంది, కులం ఉంది. ఊరి పేరు మాత్రం దొర చెవికి ఎట్లా వినపడితే అట్లా రాశాడు. దాన్ని నాలుగు ఊళ్ళుగా చదవచ్చు. మా మస్తాన్ మామకు పూర్వీకుడెవరో ఆ దొర.

మా ఊరికి ఆమె ఏం చేసింది అంటే, పొద్దున్నే మా దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని బీపీ చూసేది. అట్లా చూస్తూ చూస్తూనే తెలుగు ముక్కలు నేర్చుకుంది. మూడు నెలల్లో స్టేషన్ రోడ్డంతా ఉప్పు లేని కూర తింటూ ఆమెను తిట్టుకునే స్థితికి వచ్చింది. మామకు నూట డెబ్బై వచ్చిన రోజు ఆమె అతని ఊరగాయ జాడీ ఎత్తుకుపోయింది. వాపసు ఇమ్మని అడగడానికి మామకు ధైర్యం చాల్లేదు, మామికి ఇష్టం లేదు.

అక్కడ, గయానాలో, ఓడ చేరిన రోజుని ఏటా పండగ చేస్తారట. తాతలు తెచ్చిన పాటలు, వంటలు, డప్పు. అదే ఇక్కడా చేస్తానంది. మొదటి ఏడు వేసవిలో చర్చి ముందర షామియానా వేసి చేసింది. తిండి ఉందని ఫ్లెక్సీ మీద నేను పెద్దగా వేశాను కాబట్టి జనం వచ్చారు. పప్పు నూరి కూరిన పూరీలు పెట్టింది. “బొబ్బట్లే, బెల్లం ఎయ్యడం మర్చిపోయినారు,” అని మా అమ్మ తేల్చేసింది. అన్నీ అయ్యాక ఆమె, “ఇప్పుడు నేను తప్పు కొడతాను,” అంది. వాళ్ళ దగ్గర డప్పును తప్పు అంటారట.

“ఇక్కడ తప్పు చేస్తాం అవ్వా, కొట్టేది డప్పు,” అన్నాను మైకులో. ఆ రోజు మైకు నాది. జనం నవ్వారు. ఒక క్షణానికి ఆమె కూడా నవ్వి, టోపీ తీసి పక్కన పెట్టి, కొట్టింది.

డప్పు ఇచ్చిన పెద్దాయన చెవి ఒగ్గి విన్నాడు. చాలాసేపు విన్నాడు. “దరువు మాదే,” అన్నాడు చివరికి. “రోంత తడిసింది, అంతే.”

ఆ మాట ఆమెకు చెప్పాను. అప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఎవరో ఒకరు, ఏదో ఒక ఇంట్లోంచి, ఈమె మా మనిషి అనాలి. ఆస్తి కాదు, రేషన్ కార్డు కాదు. ఆ ఒక్క మాట కోసం నాలుగు ఊళ్ళూ తిరిగాం. మూడు ఊళ్ళ వాళ్ళు, మాది కాదమ్మా పక్కూరు అన్నారు. నాలుగోది వెలిగండ్ల వైపు. ఊరి పేరు రాయను, నా బైకు టైర్లలో గాలి ఉండాలి కదా. అక్కడ ముందే ఫోను చేసి ఉన్నాం కాబట్టి కుర్చీలు వేశారు. ఫారిన్ నుంచి ఊరి ఆడబిడ్డ వచ్చిందని శాలువా తెచ్చారు. పెద్దమనిషి శాలువా విప్పి పట్టుకుని, “ఏదమ్మా కాగితం, మన ఇంటోళ్ళో కాదో చూద్దాం,” అన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. కులం దగ్గరికి వచ్చి ఆగాడు. శాలువాను మడిచాడు. మా దుకాణంలో ఫ్లెక్సీ కూడా అంత చక్కగా మడవం. కుర్చీ మీద పెట్టాడు.

“మీరు అటు పోవాల్సింది. ఊరు దాటినాక ఎడం చేతికి,” అన్నాడు.

ఎడం చేతికి పోయాం. పేటలో శాలువా లేదు, మంచాలు వేశారు. “సముద్రం దాటి పోయినారని మాకెవురూ చెప్పలా తల్లీ,” అన్నాడు అక్కడి ముసలాయన. “మావోళ్ళు గుంటూరు మిరపకాయలకు పోయినారు, బెంగుళూరు బిల్డింగులకు పోయినారు. తిరిగి రానోళ్ళు శానామంది ఉండారు. అందులో నీ ఆమె ఎవురో ఏం జెప్పాల?” తిరిగొచ్చేటప్పుడు ఆమె బైకు వెనక ఆ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కంభం దాటాక, “మంచం బాగుంది,” అంది.

రెండో ఏడు పండక్కి బ్యానరు చేయించడానికి వచ్చినప్పుడు, అడుగున ఒక మంత్రం వేయమంది. వాళ్ళింట్లో నాలుగు తరాలుగా పొద్దుగూకి దీపం పెట్టేటప్పుడు చేతులు జోడించి చదువుతారట. మారెమ్మ మంత్రమట. అర్థం ఎవరికీ తెలియదు.

“చెప్పవ్వా, టైపు చేస్తా.”

కళ్ళు మూసుకుని, చేతులు జోడించి చెప్పింది. “తల్పు దగ్రికే మాపట్కొస్తా.”

మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. నా వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. పక్కన ఫ్లెక్సీకి రింగులు కొడుతున్న మామ సుత్తి దించాడు.

“ఇది మంత్రం కాదవ్వా,” అన్నాను. “తలుపు దగ్గరికెయ్, మాపటికొస్తా. మా అమ్మ రోజూ పొలం పోతా ఈ మాటే చెప్తాది. అంటే, గడియ పెట్టొద్దు, ఊరికే మూసి పెట్టు, సాయంత్రానికి ఇంటికొస్తాను అని.”

ఇంగ్లీషులో కూడా చెప్పాను. ఆ క్షణం అయిపోయింది. ఇంకొక క్షణం కూడా అయిపోయింది. ఆమె నవ్వలేదు. బీపీ కుర్చీలో కూర్చుంది.

“ఎవరికి చెప్పింది?” అంది.

“ఏంది అవ్వా?”

“ఇంట్లో ఎవరో ఉన్నారు కదా. తలుపు వేసే మనిషి. ఎవరికి చెప్పింది?”

నా దగ్గర అన్నింటికీ ఒక జోకు ఉంటుంది. ఆ పూట స్టాకు లేదు. మామ టీ తెప్పించాడు, ఆమె తాగలేదు. వెళ్తూ వెళ్తూ బ్యానర్లో పండగ పేరు మార్చమంది. “అక్కడ చేరిన పండగ. ఇక్కడ పోయిన పండగ చేయాలి. పోయినోళ్ళ పండగ అని వెయ్యి.”

పోయినోళ్ళంటే మాకు రెండర్థాలని నేను చెప్పాలి. చెప్పలేదు. చూద్దాం, తమాషాగా ఉంటుందనుకున్నాను. అదే పేరు, అడుగున ‘మాపటికొస్తా’, పక్కన ఆమె ఫొటో వేసి, ఒకటి ఊళ్ళో కట్టి, ఒకటి ఆ పేటకూ పంపాం.

అనుకున్నట్టే అయింది. జనం చనిపోయినవాళ్ళ ఫొటోలు తెచ్చారు. దండలతో సహా తెచ్చారు. అందులో నేను కోసి తీసినవే ఆరేడున్నాయి. ఆమెకు సంగతి చెబితే, షామియానా కింద వరసగా పెట్టిన ఆ మొహాలన్నీ చూసి, “పర్వాలేదు. ఓడెక్కినోళ్ళు కూడా ఇంటికి అంతే కదా,” అని అన్నింటికీ తలా ఒక పువ్వు పెట్టింది. ఒకామె తెచ్చిన ఫొటోకు మాత్రం దండ లేదు. బెంగుళూరు పనికి పోయి ఫోను ఆగిపోయిన మొగుడట. ఏ వరసలో పెట్టాలని ఆమె అడిగింది. కరీబమ్మ ఆ ఫొటోను తన ఒళ్ళో పెట్టుకుని కార్యక్రమం అంతా కూర్చుంది.

అప్పుడు ఆ పేట నుంచి వచ్చిన ఒక అవ్వ లేచింది. ఆ ఎండలో బస్సులు మారి ఒక్కతే వచ్చింది. చేతిలో ఫొటో లేదు. మైకు ఇస్తే ముట్టుకోలేదు, నేనే ఆమె నోటి దగ్గర పట్టుకున్నాను.

“ఫ్లెక్సీ మింద రాసింది మా మనవరాలు చదివింది,” అంది. “మా ఇంట్లో పొద్దుగూకేదాకా తలుపుకు గడియ పెట్టరు. ఇంట్లో మనిషున్నా లేకున్నా దగ్గరికేస్తారు, అంతే. మా అత్త అట్ల జెప్పింది. మా అత్తకు వాళ్ళత్త జెప్పిందంట. ఎవురో మాపటికొస్తారంట. ఎవురని నేను అడగలా.”

షామియానా కింద ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అంత నిశ్శబ్దం నాకు పడదు. మైకు నా నోటి దగ్గరికి తెచ్చుకున్నాను.

“అవ్వా, మీ పేటలో తలుపులకు గడియలుంటే గదా పెట్టేదానికి!”

జనం ఘొల్లుమన్నారు. అవ్వ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే వెనక్కి పోయి కూర్చుంది. తిండి వడ్డించే సమయానికి చూస్తే లేదు, బస్సుకు పోయిందన్నారు.

కరీబమ్మ నా వైపు చూస్తోంది. నేనేమన్నానో ఆమెకు అర్థం కావడానికి ఆ ఒక క్షణం పట్టింది. నేను ఆ నవ్వు కోసం ఎదురుచూశాను. ఇంకా చూస్తూనే ఉన్నాను.

తిట్టలేదు. “ఎండ తగ్గినాక ఆమె ఇంటికి పోదాం నాయనా,” అంది అంతే. తొలకరి పడ్డాక గుర్తు చేసింది. చూద్దాంలే అవ్వా అన్నాను. మళ్ళీ గుర్తు చేసింది. పెళ్ళిళ్ళ సీజన్, ఫ్లెక్సీలు తెమలడం లేదన్నాను. నిజానికి ఆ అవ్వ మొహం చూడాలంటే నాకు భయం. ఆ తర్వాత ఆమె అడగలేదు.

ఆ మాటకు అర్థం తెలిసిన నాటి నుంచి కరీబమ్మ ఇంటికి పగలు గడియ పెట్టడం మానేసింది. దొంగలొస్తారమ్మా అని పక్కింటివాళ్ళు మొత్తుకున్నారు. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, పొద్దున బీపీకి రాలేదేమని మామ చూడబోతే, దగ్గరికేసిన తలుపు తోస్తే తెరుచుకుంది. ఆమె కుర్చీలో తలుపు వైపు తిరిగి కూర్చుని ఉంది. బూట్లు వేసుకునే ఉంది.

శ్రద్ధాంజలి బ్యానరు నేనే చేశాను. అదే పూలదండ పెట్టబోయి, చేయి రాక, తీసేశాను. స్వగ్రామం దగ్గర ఆగాను.

“ఊరు ఏం వేద్దాం మామా?”

“ఉన్న ఊరే ఎయ్.”

‘గయానా’ అని కొట్టాను. మామ స్క్రీను వైపు వంగి, కూడబలుక్కుని చదివాడు. “గయా... నా,” అన్నాడు. తర్వాత బయటికి పోయి, ఆమె బీపీ కుర్చీని లోపలికి తెచ్చి పెట్టాడు. మనుషులు ఏడవకుండా ఉండటానికి సామాన్లు సర్దుతారు. ఆ సాకు నాకూ కావలసి వచ్చింది, కానీ ఉన్నది ఒకటే కుర్చీ.

దోర్నాలలో బజ్జీలు తిన్న మర్నాడు బైకు తీశాను.

పేటలో ఆ ఇల్లు వెతకడం కష్టం కాలేదు. పగలు తలుపు దగ్గరికేసి ఉన్నవి చాలా ఉన్నాయి, ఆ అవ్వ పేరు చెబితే మాత్రం ఒకటే చూపించారు. కాలనీ ఇల్లు, తలుపు మాత్రం పాత కొట్టం నుంచి తెచ్చి బిగించింది. నీలం రంగు. అవ్వ లోపల శనక్కాయలు ఒలుస్తోంది. నన్ను గుర్తుపట్టింది.

“మైకు నాయనవు గదా. రా, కూచో. నీళ్ళు తాగు.”

నీళ్ళు తాగుతూ తలుపు వెనక్కి చూశాను. గడియ ఉంది. ఇనుప గడియ, బొటనవేలి లావు. తలుపుకు రంగు వేసిన ప్రతిసారీ దానికీ వేశారు. నీలం కింద పచ్చ, పచ్చ కింద ఇంకేదో. ఇనుము ఎక్కడ అయిపోయి చెక్క ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. లేచి వేలితో జరిపి చూశాను. కదల్లేదు. తుప్పు పట్టడానికి ఎవరో సముద్రం దాటి పోవాల్సిన పని లేదు, వాన చాలు అని నాకు నేను చెప్పుకున్నాను. ఇంకోసారి జరిపి చూశాను.

“అది కదలదులే,” అంది అవ్వ. “నేను కాపరానికొచ్చినప్పుడే కదిలేది కాదు.” గుల్లలు చేటలోంచి దులిపింది. “ఆ టోపీ ఆమె రాలేదే? వస్తాదేమోనని మొన్నటిదాకా ఇంత బెల్లం ఎత్తిపెట్టినా.”

“పోయిందవ్వా,” అన్నాను.

“పోయిందా? వాళ్ళ ఊరికా?” చేతిలోని కాయ చిట్లకుండా అట్లాగే ఉంది. “మళ్ళ ఎప్పుడొస్తాదంట?”

చెప్పాల్సిన మాట నోట్లోనే ఉంది. మైకు లేదు, జనం లేరు, నవ్వేవాళ్ళు లేరు. అవ్వ నా మొహం చూస్తోంది. ఒక క్షణం చూసింది. ఇంకొక క్షణం కూడా చూసింది.

“మాపటికొస్తాదంటవ్వా,” అన్నాను.

ఆమె చేతిలో కాయ చిట్లింది. గింజలు చేటలో పడ్డాయి. నేను గడప దాటాక లోపలి నుంచి మాట వినిపించింది.

“దగ్గరికేసి పో నాయనా.”

వేశాను.